నేతవారి పసిబిడ్డలకు సర్కారు శిశు కేంద్రాలు

మగ్గం గుంటలో కూర్చునేది ఒక్కరే అయినా, ఆ మగ్గాన్ని నడిపించేది ఇంటిల్లిపాదీ అని మనకు ఒకరు చెప్పనక్కరలేదు. చిలపలు విప్పడం, ఆసు పోయడం, పడుగుకు గంజి పెట్టడం, అచ్చు అతకడం, కండెలు చుట్టడం – ఇవన్నీ జరిగితే గాని నాడె ఆడదు. వీటిలో ఎక్కువ పాలు ఆడవారి చేతుల మీదుగా జరిగేవే. 2019–20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారం చేనేతలోను, దాని అనుబంధ పనులలోను వున్నవారు 35.22 లక్షల మంది. వారిలో నూటికి 72 మంది స్త్రీలు.

ఇంతమంది స్త్రీలు రాట్నం ముందు కూర్చున్నప్పుడు వారి పసిబిడ్డలను చూచేదెవరు? బరంపురం పట్టు మగ్గాల ఇండ్లలో అయినా, కంచి, సేలం నేతవీధులలో అయినా, షోలాపూరు, భివండి పవర్‌లూముల పేటలలో అయినా ఈ ప్రశ్నకు సరియైన జవాబు దొరకడం కష్టం. ఆరేండ్లలోపు బిడ్డల కోసం ప్రభుత్వ ధనంతో నడిచే ఏర్పాట్లు కొన్ని వున్నవి. వాటిలో ఏది చట్టరీత్యా మన హక్కు, ఏది అడిగి సంపాదించుకోవలసినది, పరభాషా ప్రాంతాలలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు వాటిని ఎట్లా వినియోగించుకోవలెను అన్న సంగతులు ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

పద్దుకు ఎక్కని ఖర్చు

పని ఇంట్లోనే గనుక బిడ్డ కళ్ళముందే వుంటాడని మనం ధైర్యపడతాము. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని నేతవారి ఇల్లు నివాసం మాత్రమే కాదు, కార్ఖానా కూడా. మగ్గం గుంట, కాగే గంజి, రంగు నీళ్ళు, కత్తెర – పాకే బిడ్డకు ఇవన్నీ గండాలే. అందుచేత తల్లి ఒక కన్ను రాట్నం మీదా, ఒక కన్ను బిడ్డ మీదా వుంచి పని చేస్తుంది. ఆమె పదిసార్లు లేస్తే కండెలు తగ్గుతవి. కండెలు తగ్గితే మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే మజూరీ తగ్గుతుంది. చీర లెక్కన మజూరీ పుచ్చుకునే మనకు ఈ నష్టం ఏ పద్దులోనూ కనపడదు. చీర రెండురోజులు ఆలస్యమయిందని మాత్రమే కనపడుతుంది.

తల్లికి లేవడానికి వీలుకాని రోజున ఈ భారం ఇంట్లోని పెద్దపిల్ల మీద పడుతుంది. ఎనిమిదేండ్ల ఆడపిల్ల తమ్ముణ్ణి చంకనేసుకొని వాకిట్లో తిరగడం మన వీధులలో వింత కాదు. పండుగ ముందరి గిరాకీ రోజులలో నాలుగు రోజులు బడి మానిన పిల్ల, వెనుకబడి, సిగ్గుపడి, చివరకు బడే మానుతుంది. మగపిల్లవాని చదువు ఆగితే ఇంట్లో మాట వస్తుంది. ఆడపిల్ల చదువు ఇట్లా చప్పుడు లేకుండా ఆగిపోతుంది. కావున పసిబిడ్డకు ఒక కేంద్రం దొరికిందంటే అది తల్లికి పని వెసులుబాటు, అక్కకు బడి కూడా అని గ్రహించవలెను.

అంగన్‌వాడి ఎట్లా పుట్టింది

అంగన్‌వాడి అనే మాట మహారాష్ట్రం నుంచి వచ్చినది. శిశువిద్య కోసం జీవితమంతా పాటుపడిన శ్రీమతి తారాబాయి మోడక్ 1945లో అప్పటి ఠాణా జిల్లాలోని బోర్డీ గ్రామంలో బాలవాడి నెలకొల్పారు. శ్రీమతి అనుతాయి వాఘ్ ఆమెకు చేదోడుగా నిలిచారు. పేదల బిడ్డలు బాలవాడికి రాలేకపోతే, బాలవాడినే వారి వాడలకు తీసుకొనిపోయి ఇండ్ల ముంగిట నడిపించారు. మరాఠీలో అంగణ్ అంటే ముంగిలి. బిడ్డ బడికి రాలేనప్పుడు బడే ముంగిటికి రావలెనన్నది ఆ మాటలోని భావం.

ఈ భావాన్ని భారత ప్రభుత్వం 1975 అక్టోబరు 2న దేశవ్యాప్త పథకంగా మార్చింది. సమగ్ర శిశు అభివృద్ధి సేవలు అనే పేరుతో 33 ప్రాజెక్టులలో మొదలయిన ఈ పని నేడు దాదాపు 14 లక్షల కేంద్రాలకు పెరిగింది. 2021 నుంచి దీనిని సక్షమ్ అంగన్‌వాడి, పోషణ్ 2.0 అనే పేరుతో నడుపుతున్నారు. తమిళనాడులో 1982 జూలై 1న ముఖ్యమంత్రి శ్రీ ఎం. జి. రామచంద్రన్ ప్రారంభించిన పోషకాహార పథకం బడిపిల్లలకే గాక బాలవాడి పిల్లలకు కూడా మధ్యాహ్న భోజనం సమకూర్చింది. అక్కడి మనవారు ఇప్పటికీ అంగన్‌వాడిని బాలవాడి అనే పిలవడం కద్దు.

అక్కడ ఇచ్చేవి ఏవి?

అంగన్‌వాడిలో ఆరు విధాలైన సేవలు వున్నవి: అదనపు పోషకాహారం, బడికి ముందటి చదువు, టీకాలు, ఆరోగ్య పరీక్ష, అవసరమయితే పై ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆహార ఆరోగ్య విషయాలు బోధించడం. గర్భవతులు, బాలింతలు, ఆరేండ్లలోపు బిడ్డలు వీటికి అర్హులు. రుసుము లేదు.

ఆరు నెలలు మొదలు మూడేండ్ల వరకు బిడ్డకు ఆహారం ఇంటికి ఇస్తారు. మూడు నుంచి ఆరేండ్ల పిల్లలకు కేంద్రంలోనే ఉదయం ఫలహారం, తరువాత వేడి భోజనం పెట్టవలెను. దినానికి 500 కేలరీల శక్తి, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు ఆ ఆహారంలో వుండవలెనని 2013లో చట్టం ప్రమాణం పెట్టింది. చిక్కిపోయిన బిడ్డకు 800 కేలరీలు, 20 నుంచి 25 గ్రాముల మాంసకృత్తులు ఇవ్వవలెనని అప్పటి ప్రమాణం. సంవత్సరంలో 300 రోజులు ఇది జరగవలెను. తమిళనాడు, కర్ణాటక, ఒడిశాలలో గుడ్డు కూడా పెడుతున్నారు. బిడ్డను తూచి బరువును నమోదు చేయడం మరొక ముఖ్యమైన పని. వయస్సుకు తగిన బరువు లేదని ముందుగా తెలియడం ఎంతో మేలు. ఇంట్లో రోజూ చూచే కంటికి బిడ్డ చిక్కిపోవడం తొందరగా తెలియదు.

మనలో కొందరు దీనిని అన్నం లేనివారి బిడ్డలు పోయే చోటుగా చిన్నచూపు చూడడం వున్నది. అది పొరపాటు. బిడ్డ మెదడు ఎదుగుదలలో నూటికి 85 పాళ్ళకు పైగా ఆరేండ్లలోపే జరుగుతుందని 2020 నాటి జాతీయ విద్యా విధానం పేర్కొన్నది. ఆ వయస్సులో పాట, ఆట, రంగులు, లెక్కింపు, నలుగురితో కలిసి వుండడం – ఇవే చదువు. మన పిల్లలకు రంగుల కొరత లేదు. వాటి పేర్లు చెప్పి వరుస పెట్టించేవారికే తీరిక లేదు. అంగన్‌వాడి ఇవ్వవలసినది ఆ తీరికనే.

అన్ని కేంద్రాలూ చక్కగా వున్నవని మేము చెప్పడం లేదు. ఇరుకు గది, మరుగుదొడ్డి లేకపోవడం, కార్యకర్తపై ఇతర సర్వేల బరువు మొదలైన లోపాలు చాలాచోట్ల వున్నవి. అయితే మన బిడ్డలను పంపకుండా వుంటే ఆ లోపాలు తీరవు. పిల్లలు నిండుగా వున్న కేంద్రానికే అడిగే నోరు వుంటుంది.

ఏది హక్కు? ఏది ఆశయం?

ఇక్కడ ఒక భేదం స్పష్టంగా తెలుసుకోవలెను. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం 5వ సెక్షను ప్రకారం ఆరు నెలలు మొదలు ఆరేండ్ల వరకు ప్రతి బిడ్డకూ వయస్సుకు తగిన ఆహారం అంగన్‌వాడి ద్వారా ఉచితంగా ఇవ్వవలెను. ఇది చట్టం ఇచ్చిన హక్కు. ఇవ్వకపోతే ఆహార భద్రతా భత్యం చెల్లించవలెనని 8వ సెక్షను చెబుతున్నది. ఫిర్యాదులు వినడానికి ప్రతి జిల్లాలోను ఒక అధికారి వుండవలెను.

ఆరేండ్లలోపు చదువు సంగతి వేరు. రాజ్యాంగం 45వ అధికరణం ప్రకారం ఆరేండ్లు నిండేవరకు పిల్లల సంరక్షణకు, విద్యకు రాజ్యం ప్రయత్నించవలెను. 2009 నాటి విద్యాహక్కు చట్టం 11వ సెక్షను మూడేండ్లు దాటిన పిల్లలకు ప్రభుత్వం ఉచితంగా ఏర్పాట్లు చేయవచ్చునని అన్నది, చేయవలెనని అనలేదు. అనగా అన్నం హక్కు, అక్షరం ఇంకా ఆశయం. అందువల్లనే చదువు విషయంలో మనం అడగడం ఎక్కువ అవసరం.

కేంద్రమే లేని వీధి మాట ఏమిటి? దీనికి సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న ఇచ్చిన ఉత్తరువు చాలా ముఖ్యమైనది. ఆరేండ్లలోపు పిల్లలు 40 మందికి తక్కువ కాకుండా వుండి, అంగన్‌వాడి లేని జనావాసం అడిగినచో, అడిగిన తేదీ నుంచి మూడు నెలలలోపు కేంద్రం ఏర్పాటు చేయవలెనని ఆ ఉత్తరువు. పల్లెవారికీ, పట్నాలలోని మురికివాడలవారికీ ఇది వర్తిస్తుంది. ఒక నేతవీధిలో 40 మంది పసిపిల్లలు వుండడం అరుదు కాదు. వారిని లెక్కపెట్టి కాగితం మీద పెట్టినవారు లేకపోవడమే అరుదు.

మగ్గం వేళలు, కేంద్రం వేళలు

అంగన్‌వాడి చాలాచోట్ల పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకానే నడుస్తుంది. మన మగ్గం దీపాలు పెట్టేదాకా ఆడుతుంది. పైగా మూడేండ్లలోపు బిడ్డలకు ఆహారం ఇంటికి ఇవ్వడమే గాని, పగలంతా వారిని కనిపెట్టుకొని వుండే ఏర్పాటు మామూలు అంగన్‌వాడిలో లేదు.

కార్ఖానాలలో పనిచేసే స్త్రీలకు శిశుగృహం ఏర్పాటు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంతో వచ్చింది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం బీడీ కార్ఖానాలకు కూడా అటువంటి నిబంధన పెట్టింది. ఇప్పుడు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ప్రకారం 50 మంది ఉద్యోగులు వున్నచోట శిశుగృహం వుండవలెను. కాని ఇంట్లో కండెలు చుట్టే స్త్రీ ఏ యజమాని హాజరుపట్టీలోను వుండదు. షోలాపూరులో ఇంటి దగ్గర బీడీలు చుట్టే మన ఆడపడుచుల సంగతీ ఇంతే. శిశుగృహం కట్టవలసిన యజమాని వారికి ఎదుట కనపడడు.

ఇట్టివారికి ప్రభుత్వ శిశుగృహాలే గతి. ఉద్యోగానికి పోయే తల్లుల బిడ్డల కోసం 1975 నుంచే ఒక శిశుగృహ పథకం వుండేది. 2006లో అది రాజీవ్ గాంధీ పేరిట, 2017లో జాతీయ శిశుగృహ పథకంగా మారి, 2022 నుంచి మిషన్ శక్తి క్రింద పాల్నా అనే పేరుతో నడుస్తున్నది. పాల్నా అంటే ఉయ్యాల. ఆరు నెలలు మొదలు ఆరేండ్ల వరకు బిడ్డలను దినానికి ఏడున్నర గంటల సేపు, నెలకు 26 రోజులు చూచుకోవడం దీని ప్రమాణం. అంగన్‌వాడికే శిశుగృహాన్ని జతపరిచి, అదనంగా ఒక శిశుగృహ కార్యకర్తను, సహాయకురాలిని నియమించే పద్ధతి కూడా ఇందులో వున్నది. తల్లి ఉద్యోగస్థురాలు కావలెనన్న షరతు లేదు. అయితే ఇవి అంగన్‌వాడిల వలె వీధివీధికీ లేవు. రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదిస్తే వస్తవి. జిల్లా నుంచి అడిగినవారుంటే ప్రభుత్వం ప్రతిపాదిస్తుంది. నేతవాడలకు నిజంగా కావలసినది ఈ ఏడున్నర గంటల ఏర్పాటే.

ప్రయివేటు నర్సరీలలో సీట్లు

షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకొని, ఆ అప్పు మజూరీలో తెగేదాకా అతని మాటకు కట్టుబడి, ఆ డబ్బు నర్సరీ ఫీజుకు కట్టే కుటుంబాలు మనలో వున్నవి. అప్పుకు ముందు ఒక సంగతి విచారించవలెను. విద్యాహక్కు చట్టం 12వ సెక్షను ప్రకారం ప్రభుత్వ సహాయం పొందని ప్రయివేటు బడులు ప్రవేశ తరగతిలో నాలుగవ వంతు సీట్లు పేద, వెనుకబడిన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వవలెను. ఆ బడిలో నర్సరీ గాని ఎల్‌.కె.జి. గాని వుంటే అక్కడి నుంచే ఇది వర్తిస్తుంది. ఖర్చు ప్రభుత్వం ఇస్తుంది. మైనారిటీ సంస్థల బడులకు ఇది వర్తించదు. ఆదాయ పరిమితి, దరఖాస్తు తేదీలు, బడి దూరం రాష్ట్రానికొక తీరుగా వున్నవి గనుక, వేసవిలో బడులు మూయకముందే మండల లేక తాలూకా విద్యాధికారి కార్యాలయంలో విచారించడం మంచిది. ఆదాయ, జన్మ, నివాస పత్రాలు సిద్ధంగా లేకపోవడం వల్లనే చాలా దరఖాస్తులు నిలిచిపోతవి.

భాష సంగతి

పరరాష్ట్రాలలోని మనవారికి ఒక సందేహం సహజం. ఇంట్లో తెలుగు, కేంద్రంలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో, బిడ్డ బెదిరిపోడా? యానాంలో వున్నవారికి ఈ చిక్కు లేదు; అక్కడ ఇంటి భాషా, వీధి భాషా తెలుగే. తక్కినవారు రెండు సంగతులు గమనించవలెను.

మొదటిది: మూడేండ్ల బిడ్డ ఆటలో పరభాష నేర్చినంత తేలికగా ఆరేండ్ల బిడ్డ పలక ముందు కూర్చుని నేర్వలేడు. కేంద్రానికి పోయిన బిడ్డకు ఒకటవ తరగతిలో పంతులు మాట కొత్తగా వుండదు. ఇంట్లో తెలుగు మానకుండా మాట్లాడినంతకాలం తెలుగు పోదు.

రెండవది: ఇంటి భాషకు చోటు ఇవ్వవలెనని 2013 నాటి శిశువిద్యా విధానమూ, 2020 నాటి విద్యా విధానమూ చెబుతున్నవి. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన సమకూర్చవలెనని రాజ్యాంగం 350-ఎ అధికరణం 1956 నుంచే చెబుతున్నది. దీని ఆధారంతో, తెలుగు పిల్లలు ఎక్కువగా వున్న కేంద్రంలో వారానికి కొన్ని పూటలు మన పాటలు, కథలు చెప్పడానికి వీధిలోని పెద్దమ్మలను అనుమతించమని అడగవచ్చును. అంగన్‌వాడి కార్యకర్త స్థానికురాలై వుండవలెనన్న నియమం వున్నది గనుక, ఖాళీలు ప్రకటించినప్పుడు చదువుకున్న మన ఆడపిల్లలు దరఖాస్తు పెట్టవలెను. అందుకు రాష్ట్ర భాష రావడం అవసరమే. రెండు భాషలూ వచ్చిన కార్యకర్త దొరికితే బిడ్డకు బెదురే వుండదు.

పని కోసం వూళ్ళు మారేవారికి ఒక మాట. బిడ్డ పేరు ఇప్పుడు పోషణ్ ట్రాకర్ అనే కంప్యూటరు పద్దులో వుంటుంది. వూరు మారేటప్పుడు ఆ పేరును కొత్త కేంద్రానికి మార్పించుకోవచ్చును. బిడ్డకు ఆధార్ లేకపోయినా తల్లి ఆధార్‌తో నమోదు చేస్తారు. టీకాల కార్డు మాత్రం వెంట తీసుకొనిపోవడం మరువరాదు.

సంఘాలు చేయవలసిన పని

ఇవన్నీ ఒక్కొక్క కుటుంబం తిరిగి సాధించుకోవడం కష్టం. తల్లి ఒకపూట ఆఫీసుకు పోతే ఒకపూట కండెలు పోతవి. కావున స్థానిక సంఘాలు ఈ పనిని చేపట్టవలెను.

1. వీధివారీగా ఆరేండ్లలోపు బిడ్డల జాబితా వ్రాయవలెను. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తల్లి పేరు, ఇంటి నంబరు, ఇప్పుడు అంగన్‌వాడికి పోతున్నదీ లేనిదీ అందులో వుండవలెను.

2. తమ్ముళ్ళను చూచుకోవడానికి బడి మానిన పెద్దపిల్లల పేర్లు వేరే జాబితాగా వ్రాయవలెను. అర్జీకి దీనిని మించిన బలం లేదు.

3. కేంద్రం లేనిచోట పిల్లలు 40 మందికి తక్కువ లేకుంటే, 2006 నాటి సుప్రీంకోర్టు ఉత్తరువును పేర్కొంటూ శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి తల్లిదండ్రుల సంతకాలతో అర్జీ ఇవ్వవలెను. నకలు పంచాయతీకి లేక వార్డు సభ్యునికి ఇచ్చి, అందినట్లు తేదీతో రసీదు పుచ్చుకొనవలెను. మూడు నెలల లెక్క ఆ తేదీ నుంచే.

4. కేంద్రం వున్నచోట, అంగన్‌వాడికి పాల్నా శిశుగృహాన్ని జతపరచమని జిల్లా స్త్రీ శిశు సంక్షేమ కార్యాలయానికి వేరే అర్జీ పెట్టవలెను. మగ్గం పని వేళలు, అనుబంధ పనులలో వున్న తల్లుల సంఖ్య అందులో చూపవలెను.

5. చోటు లేదన్న సాకు రాకుండా, సంఘ భవనంలోనో సహకార సంఘం గోడవునులోనో గాలి వెలుతురు వున్న గది చూపగలిగితే పని తొందరగా సాగుతుంది.

6. కేంద్రంలో తల్లిదండ్రులను పిలిచే రోజున ఇంటికొకరైనా పోయి, ఆహారం, బరువు, పిల్లల హాజరు విచారించవలెను. పోట్లాట కాదు, పరామర్శ. కార్యకర్త కూడా మన వంటి కష్టజీవియే.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నూలు ధర గురించీ, మజూరీ గురించీ అడగడం మన సంఘాలకు అలవాటే. పసిబిడ్డల సంగతి ఇంటి ఆడవారి పనిగా వదిలివేసినందువల్లనే ఇన్నాళ్ళూ అది మన తీర్మానాలలోకి రాలేదు. ప్రతి సంఘమూ రానున్న సర్వసభ్య సమావేశానికి ముందే పై రెండు జాబితాలు తయారుచేసి, ఆ సమావేశానికి తల్లులను కూడా పిలిచి, అర్జీల మీద వారి సంతకాలు తీసుకొనవలెనని కోరుతున్నాము.